పదింటి దగ్గర, రెండింటి దగ్గర

మూడోసారి కూడా ముందద్దాన్ని తుడిచి, గుడ్డను నాలుగు మడతలు పెట్టి సీటు కిందకు తోసి, ఖెమైస్ హల్వా డబ్బా బయటికి తీశాడు. నువ్వుల హల్వా కిలో పట్టే డబ్బా అది. రంగంతా పోయి రేకు తేలింది. గతుకులకు ఫోను కొట్టుకోకుండా అడుగున ఒక పాత మేజోడు పరిచి ఉంటుంది. ఫోను అందులో పెట్టబోతుంటే మోగింది.

“ఏరా బామ్మర్దీ, ఆరుగురు ఎక్కారు. ఇంకో ఇద్దరు ఎక్కితే కదుల్తా. తస్తూరు దాటాక కలుస్తాం. చేతికి నూనె రాసుకున్నావా?”

తయ్యెబ్. ఖెమైస్ అక్క జోహ్రా మొగుడు. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే దారి. తయ్యెబ్ తెల్లారగట్ల ఐదింటికే ఈ కెఫ్ ఊరి నుంచి వెళ్లి, ఇప్పుడు ట్యూనిస్‌లోని బాబ్ సాదూన్ స్టాండులో తిరుగు ప్రయాణానికి జనం కోసం చూస్తున్నాడు.

“నువ్వు రోడ్డు చూసుకో బావా,” అన్నాడు ఖెమైస్.

“ముప్ఫై రెండేళ్లుగా అదే చూస్తున్నా. ఇవాళ నిన్ను చూస్తా.”

ఖెమైస్ ఫోను డబ్బాలో పెట్టి మూత బిగించాడు. బండి చుట్టూ తిరిగి వెళ్లి, వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో పెట్టాడు.

“ట్యూనిస్ వచ్చేదాకా నీ దగ్గరుంచు తల్లీ. మోగితే మోగనీ. ఎత్తొద్దు, ఎవరో చూడొద్దు, నాకు చెప్పొద్దు.”

అమ్మాయి పేరు సిరీన్. కంప్యూటర్ చదువు. చెవిలోంచి తెల్లటి గింజ లాంటిది పీకి, “స్విచ్ ఆఫ్ చేసుకోవచ్చుగా బాబాయ్?” అంది.

“ఆఫ్ చేస్తే, ఎవరైనా చేశారేమోనని ఆన్ చెయ్యబుద్ధేస్తుంది. అందని చోట ఉంటే ఆ గోల లేదు.”

సిరీన్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. “నాకూ ఒకటి కావాలి ఈ డబ్బా,” అని, గింజను మళ్లీ చెవిలో పెట్టుకుంది.

నలభై అయిదేళ్ల మనిషి ఖెమైస్. పొట్ట లేదు, మీసం ఉంది, గుర్తుపెట్టుకోదగ్గది మొహంలో ఇంకేమీ లేదు. అతని బండిలో ఇరవైసార్లు ట్యూనిస్ వెళ్లినవాళ్లు ఇరవై ఒకటోసారి మళ్లీ పేరడుగుతారు. అతనిది ఎర్రచార లువాజ్. ఎనిమిది మంది నిండితేనే కదిలే తెల్ల వ్యాను. ఆ దారి మీద అలాంటివి వంద తిరుగుతాయి. అతన్ని మిగతావాళ్ల నుంచి వేరు చేసేది ఒక్కటే: స్టీరింగు మీద చేతులు. ఎడమ చెయ్యి గడియారంలో పదంకె ఉండే చోట, కుడి చెయ్యి రెండంకె ఉండే చోట. గేరు మార్చాల్సి వస్తే కుడిచెయ్యి వెళ్లి, దొంగతనం చేసినట్టు వెంటనే వచ్చేస్తుంది. తోలు తొడుగు సరిగ్గా ఆ రెండు చోట్లే అరిగిపోయి, నల్లగా, నున్నగా, కాల్చిన వంకాయ తొక్కలా మెరుస్తూ ఉంటుంది.

లువాజ్ డ్రైవర్లకు రోడ్డు మీద ఒక మర్యాద ఉంది. ఎదురుగా తోటివాడి బండి వస్తే ఒకసారి లైటు కొట్టి చెయ్యెత్తాలి. రెండుసార్లు కొడితే ముందు పోలీసులున్నారని. ఒక్కసారి కొడితే సలాం. తండ్రి పోయినవాడు కూడా, మూడో రోజున బండెక్కితే, చెయ్యెత్తుతాడు. ఖెమైస్ ఎత్తడు. పంతొమ్మిదేళ్లుగా ఎవరికీ ఎత్తలేదు. స్టాండులో అతనికి సిమెంటు అని పేరు. “సిమెంటు వచ్చాడు, టీ పొయ్యండ్రా, గడ్డకట్టేలోపల,” అంటారు. అతను నవ్వి తాగుతాడు. కిందికి దిగాక ఖెమైస్ అందరిలాంటి మనిషే.

ఇవాళ తయ్యెబ్‌కు ఆఖరి ట్రిప్పు. చలికాలంలో గుండెలో రెండు స్టెంట్లు పడ్డాయి. ఇక చాలని జోహ్రా ఒట్టు వేయించుకుంది. బండిని జెందూబా మనిషెవరో కొన్నాడు, రేపొచ్చి తోలుకుపోతాడు. నిన్న సాయంత్రం స్టాండు పక్క కాఫీ కొట్లో, డాక్టరు వద్దన్న మూడో చెంచా చక్కెర టీలో వేసుకుంటూ తయ్యెబ్ మొదలుపెట్టాడు.

“పంతొమ్మిదేళ్లు. దాదాపు రోజూ. నేను లైటు కొట్టి చెయ్యెత్తుతా, నువ్వేమో శవంలా పోతావు. నా బండిలో వాళ్లు అడుగుతారు, ఆయనకీ మీకూ గొడవా అని. గొడవేం లేదమ్మా, మా ఆవిడ తమ్ముడే అని చెప్పుకోవాలి. రేపొక్కసారి చెయ్యెత్తరా.”

“చూద్దాం బావా.”

“చూడకూడదనేగా నీ బాధంతా. చూడకు. ఎత్తు, చాలు.”

ఖెమైస్ నవ్వాడు. తయ్యెబ్ నవ్వలేదు. చెంచాను గ్లాసు అంచుకు ఆనించి, గొంతు తగ్గించాడు.

“ఆ రోజు నువ్వు చూసింది నా మొహం. నువ్వు చెయ్యెత్తని ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది, ఇదంతా నా వల్లేనని. రేపటితో ఇంట్లో కూర్చోబోతున్నా. అది మోసుకుని పోలేనురా.”

ఆ రోజంటే క్రీబ్ మలుపు. ఖెమైస్‌కు ఇరవై ఆరేళ్లు, కొత్త బండి. ఎదురుగా బావ వస్తున్నాడు, లైటు కొట్టాడు. ఖెమైస్ చెయ్యెత్తి, మెడ తిప్పి, బావ నవ్వుతున్నాడో లేదో చూశాడు. నవ్వుతున్నాడు. తల ఇటు తిప్పేసరికి బండి ముందు కంచరగాడిద బండి ఉంది. గాడిద అక్కడికక్కడే చచ్చిపోయింది. అమోర్ అనే ముసలాయన తుంటి విరిగి, ఆ తర్వాత బతికిన ఏడేళ్లూ కర్ర మీదే నడిచాడు. ఎవరినీ తిట్టలేదు. ఆస్పత్రిలో ఖెమైస్‌ను, “ఎటు చూస్తున్నావు నాయనా?” అని మాత్రం అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఇప్పటికీ స్టీరింగు పట్టుకున్న ప్రతిసారీ ఖెమైస్ ఆ ప్రశ్నకే జవాబు చెబుతున్నట్టుంటాడు.

ఎనిమిదింటికి బండి కదిలింది.

ముందు సీట్లో పరుపుల వ్యాపారి నూరీ. బండి కెఫ్ దాటకముందే ఫోను తీశాడు. “ఇది చూడన్నా, మా మేనల్లుడి పెళ్లి, ఒంటె మీంచి పడ్డాడు.”

“దిగాక చూస్తా.”

“రెండు నిమిషాలే అన్నా.”

“ఒంటె మీంచి పడ్డానికి కూడా రెండు నిమిషాలు పట్టి ఉండదు,” అన్నాడు ఖెమైస్. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నూరీ అలిగి, మెంతిగింజంత సౌండు కూడా తగ్గించకుండా తనే చూసుకున్నాడు.

జూన్ నెల, గోధుమ కోతలు. రోడ్డు మీద గడ్డి మోపుల లారీలు ఒకదాని వెనక ఒకటి, గాలికి పరకలు రాల్చుకుంటూ పోతున్నాయి. కోత యంత్రాలు పొలంలోంచి పొలంలోకి, రోడ్డును కూడా పొలమే అనుకుని దాటుతున్నాయి. ఇలాంటి రోజుల్లో ఖెమైస్ మామూలు కంటే పది కిలోమీటర్లు తగ్గించి నడుపుతాడు. రోడ్డు, అద్దం, రోడ్డు, పక్కద్దం, రోడ్డు. లోపలి సిలబసు అంతే.

ఇవాళ దాంట్లో ఇంకో పాఠం చేరింది. ఎనిమిదింపావుకు బయల్దేరి ఉంటే బావ ఎక్కడుంటాడు? ఎనిమిదో సీటు నిండకపోతే? క్రీబ్ మలుపు దగ్గర అరచేతులు చెమటపట్టాయి. అక్కడ రోజూ పడతాయి. అది దాటాక ఆరిపోతాయి. ఇవాళ ఆరలేదు. బట్ట కోసం సీటు కిందకు వంగబుద్ధేసింది, వంగలేదు, ప్యాంటుకు ఒక్కో చెయ్యీ రాసుకున్నాడు.

చెయ్యెత్తడానికి ఎంతసేపు పడుతుంది? ఒక సెకను. చూడకుండా ఎత్తొచ్చు. కానీ వచ్చేది బావేనని చూడకుండా ఎలా తెలుస్తుంది? లైటు కొడతాడు. లైటు అందరూ కొడతారు. మరి వచ్చే ప్రతి తెల్లబండినీ ముందునుంచే కనిపెట్టాలి. అంటే అవతలి వరసను చూడాలి. ఈ చెయ్యెత్తే సెకను తనకు ముందు ఒక గంటను మింగేలా ఉంది.

తస్తూరు ఇంకా పది కిలోమీటర్లుందనగా, దూరంగా ఒక ఎర్రచార కనిపించింది. బావ బండి పైన నీలం డబ్బా కట్టి ఉంటుంది. ఇది బావది కాదు. ఇంకొకటి. నీలంగా ఉందే? కాదు, మంచం. దాని వెనక ఇంకొకటి. నంబరు చివర అరవై రెండా, అరవై...

“అన్నా!” అని అరిచాడు నూరీ.

ముందు గడ్డి లారీ ఆగిపోయి ఉంది. ఎర్ర లైట్లు ఎప్పుడు వెలిగాయో ఖెమైస్ చూడలేదు. కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్లింది. బండి ఏడుస్తూ, ముక్కు వంచి, లారీకి బారెడు దూరంలో నిలబడింది. నూరీ ఒళ్లోని రొట్టెలు ఎగిరి ముందద్దానికి తగిలాయి. వెనకెక్కడో హల్వా డబ్బా కిందపడి దొర్లింది. పైనుంచి ఒక్క గడ్డి పరక నిదానంగా దిగి, తుడిచిన అద్దం మీద వాలింది.



“ఎటు చూస్తున్నావన్నా?” అన్నాడు నూరీ. అతని గొంతులో వెటకారం లేదు.

పంతొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఖెమైస్ చేతులు పదింటి దగ్గర, రెండింటి దగ్గర ఉన్నాయి. ఇంతసేపూ అక్కడే ఉన్నాయి. అదీ అతన్ని భయపెట్టింది. చేతులు అక్కడే ఉండగా మనిషి లేకుండా పోయాడు.

లారీ కదిలింది. ఖెమైస్ కదిలాడు. తస్తూరు దాటాక, ఆలివు తోట పక్కన రోడ్డు వెడల్పయిన చోట కుడి లైటు వేసి, బండి పూర్తిగా మట్టిలోకి దింపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగాడు.

“టైరా?” అన్నారు వెనక.

“ఏం కాలేదు. పది నిమిషాలు. మా బావ వస్తున్నాడు, సలాం చెప్పాలి.”

“సలాం చెప్పడానికి బండి ఆపుతావా? ఫోన్ చెయ్యొచ్చుగా!”

“ఆయన బండి నడుపుతున్నాడు,” అన్నాడు ఖెమైస్. అంతకంటే తేలికైన సంగతి లోకంలో లేదన్నట్టు.

దిగి, రోడ్డంచుకు నాలుగడుగుల ఇవతల నిలబడ్డాడు. ఎండ నెత్తిన కూర్చుంది. కరెంటు స్తంభం మీది కొంగ గూట్లోంచి ఒక కొంగ అతన్ని చూసి, ఆసక్తి లేక తల తిప్పుకుంది. సిరీన్ కిటికీ తీసింది. “బాబాయ్, మీరిలా నిలబడితే ఆయన మిమ్మల్ని చూడడా? అప్పుడు రోడ్డెవరు చూస్తారు?”

ఆ మాట ఖెమైస్‌కు తట్టలేదు. తను ఆగాడు, తన వాళ్లు క్షేమం. కానీ అటువైపు ఎనిమిది మందితో వచ్చేవాడు, రోడ్డు పక్కన బామ్మర్దిని చూస్తే ఏం చేస్తాడు? లైటు కొడతాడు, చెయ్యి బయటపెడతాడు, మెడ తిప్పి నవ్వుతాడు, హారను మోగిస్తాడు. ముప్ఫై రెండేళ్లుగా ఒంటిచేత్తో నడిపిన మనిషి. స్టీరింగుకు ఎర్ర ముఖమల్ తొడుగు, పెళ్లిలో మిగిలిన గుడ్డతో జోహ్రా కుట్టింది. పైన నట్టనడుమ ఒకే ఒక్క చోట నూగు రాలి బోడిగుండయింది. ఆ చోట కుడి చెయ్యి ఉంటుంది. ఎడమది ఊళ్లో వాళ్లందరి కోసం కిటికీలోంచి బయట ఉంటుంది. బావ స్టీరింగు మీద పక్కల నూగు ఇప్పటికీ కొత్తపెళ్లికూతురి బుగ్గలా ఉందని ఖెమైస్ ఎన్నోసార్లు దెప్పాడు.

వెళ్లి బండెక్కేద్దామా అనుకున్నాడు. అప్పటికే నీలం డబ్బా కనిపించింది.

నెమ్మదిగా వస్తోంది. బావ ఎప్పుడూ అంత నెమ్మదిగా రాడు. ఖెమైస్ కుడి చెయ్యి పైకి లేచింది, పెళ్లిలో పేరు పిలిపించుకున్నవాడి చెయ్యిలాగా, సగం సిగ్గుగా. చూడకు బావా, అనుకున్నాడు. చూడకు, చూడకు, ఒక్కసారి చూడు, చూడకు.

లైటు వెలగలేదు. హారను మోగలేదు. తయ్యెబ్ చేతులు రెండూ స్టీరింగు మీద ఉన్నాయి. ఒకటి పదింటి దగ్గర, ఒకటి రెండింటి దగ్గర. మెడ తిరగలేదు. కళ్లు రోడ్డు మీది నుంచి లేవలేదు. అతని పక్కసీట్లో తెల్ల దుప్పటి కప్పుకున్న ముసలమ్మ ఒకావిడ మాత్రం ఖెమైస్ వైపు తిరిగి, బండి దాటిపోయేదాకా అతన్నే చూసింది.

గాలి వచ్చి అతని చొక్కాను ఎగరేసి వెళ్లిపోయింది. చెయ్యి ఇంకా పైనే ఉంది.

“ఎవరికోసం దిగావో ఆయనే నిన్ను చూళ్లేదుగా!” అన్నాడు నూరీ, రొట్టెల దుమ్ము దులుపుకుంటూ. “సిమెంటుకు సిమెంటు చుట్టరికం.”

ఖెమైస్ బండెక్కాడు. బావ కక్ష తీర్చుకున్నాడా? పంతొమ్మిదేళ్ల బాకీ ఒక్కసారే చెల్లగొట్టాడా? మెజెజ్ ఊరు వచ్చేసరికి ఇంకోలా అనిపించింది. ఆఖరి రోజున బావ తనలాగా నడిపి చూపించాడేమో. నీ పద్ధతే మంచిదిరా బామ్మర్దీ అని చెప్పడానికి ఆ మనిషి చేసే ఎకసెక్కం అదే అయ్యుంటుంది. సాయంత్రం టీ దగ్గర దీన్ని పట్టుకుని ఎంత ఆడిస్తాడో! పెదవి కొంచెం వంగింది. రోడ్డు, అద్దం, రోడ్డు.

బాబ్ సాదూన్‌లో డబ్బా తెరిచి చూశాడు. ఎవరూ చెయ్యలేదు. మిరపకాయ ముద్ద పూసిన రొట్టె తిని, నీళ్లు తాగి, పదకొండున్నరకు ఎనిమిది మందిని ఎక్కించుకుని తిరుగుముఖం పట్టాడు. ఈసారి డబ్బా ఒక మేస్త్రీ చేతిలో ఉంది.

మెజెజ్ దగ్గర మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

“ఎవరో తెగ చేస్తున్నారన్నా,” అన్నాడు మేస్త్రీ.

“చెయ్యనీ.”

తస్తూరు దగ్గర నాలుగుసార్లు. రేకు డబ్బాలో మోత కందిరీగల గూడులా ఉంది. ఎవరో పిల్లవాణ్ణి పడుకోబెట్టలేక విసుక్కున్నారు. “ఎత్తమంటావా అన్నా? మంచిదో చెడ్డదో!”

“ఏదైనా సరే, నా చేతుల్లో మీరున్నారు. దిగాక.”

మాట గట్టిగానే వచ్చింది. వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. బావ ఎగతాళి చెయ్యడానికి ఇన్నిసార్లు చెయ్యడు. జోహ్రా పగలు అసలు చెయ్యదు. ఆపుదామా? ఆపితే తెలుస్తుంది. తెలిశాక ఇంకా ఎనభై కిలోమీటర్లు నడపాలి. ఆ కబురు తెలిసిన మనిషి నడిపే బండిలో ఈ ఎనిమిది మందినీ ఎక్కించడం తనకిష్టం లేదు. క్రీబ్ మలుపులో డబ్బా మళ్లీ మోగింది. అతను గేరు తగ్గించి, మలుపు మొత్తం చూసి, దాటి, చెయ్యి మళ్లీ రెండింటి దగ్గర పెట్టాడు. తర్వాత ఒక పదిహేను నిమిషాలు మోగలేదు. మోగకపోవడం ఇంకా భరించలేకపోయాడు.

కెఫ్ స్టాండులో ట్యూనిస్ ట్యూనిస్ అని ఎవరూ అరవడం లేదు. బావ బండి వరసలో తన చోట తిన్నగా నిలబడి ఉంది. డ్రైవరు తలుపు తెరిచి ఉంది. స్టాండులో బళ్ల వరస చూసే రిధా ఎదురొచ్చి, ఖెమైస్ ఇంజను ఆపేదాకా, జనం దిగేదాకా ఆగాడు. ఆ తర్వాతే భుజం మీద చెయ్యేశాడు.

“పదకొండింటికి వచ్చాడు. బండి చోట్లో పెట్టాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. అందరూ దిగారు, సామాన్లు తీసుకున్నారు. టీ తెమ్మంటావా అని నేను వెళ్లేసరికి...” రిధా ముక్కు తుడుచుకున్నాడు. “నిద్రపోతున్నాడనుకున్నా ఖెమైస్. ఇంటికి చేర్చాం. జోహ్రా నీకే ఫోను చేస్తూ ఉంది.”

డబ్బా ఇవ్వడానికి వచ్చిన మేస్త్రీ, ఏం చెయ్యాలో తెలీక, దాన్ని బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాకియె వెళ్లే బండి ఇంకా నిండలేదు. నీడన బల్ల మీద, తెల్ల దుప్పటి కప్పుకున్న ముసలమ్మ బావ బండి దిగినప్పట్నుంచీ అక్కడే కూర్చునుంది. ఖెమైస్‌ను చూసి చెయ్యి ఊపి పిలిచింది.

“రోడ్డు మీద చెయ్యెత్తుకుని నిలబడింది నువ్వే కదూ?”

“అవును పెద్దమ్మా.”

“మెజెజ్ దగ్గరే భుజం పట్టేసిందన్నాడు. ఆపు నాయనా అన్నా. ఆపితే మీరు ఎండలో ఎంతసేపుంటారు, మెల్లగా పోదాం అన్నాడు. ఆపాల్సింది.” ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఆపాల్సిందే. అప్పట్నుంచి ఒక్క మాట లేదు. స్టీరింగును రెండు చేతులతో, గొడ్డును కొమ్ములు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తస్తూరుకు ఇవతల మాత్రం అన్నాడు: ‘పెద్దమ్మా, ముందు రోడ్డు పక్కన ఎవడో పిచ్చోడు నిలబడ్డాడు. నేను చూడలేను. వాడు చెయ్యెత్తాడో లేదో నువ్వు చూసి చెప్పు.’ ఎత్తాడు నాయనా, ఇంకా దించలేదు అన్నాను.”

“ఏమన్నాడు?”

“నవ్వాడు. రోడ్డు చూసే నవ్వాడు.”

ఆపాల్సింది బావా, అనుకున్నాడు ఖెమైస్. కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. ఇంటికి వెళ్లాలి, అక్క ఉంది, ఇల్లంతా మనుషులుంటారు. రిధా తాళంచెవి చేతిలో పెట్టాడు. “తలుపు నువ్వు వెయ్యి. నేను వెయ్యలేకపోయా.”

అతను తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వెళ్లాడు. బావ చెవి వెనక పెట్టుకునే మల్లెల గుత్తి డాష్‌బోర్డు మీద ఎండిపోయి ఉంది. సీటు వెనక్కి జరిపి ఉంది. తలుపు వెయ్యడానికి చెయ్యి వేసి, ఆగాడు.

ఎర్ర ముఖమల్ తొడుగు మీద, పైన నట్టనడుమ, ఏళ్ల తరబడి అరిగిన బోడిగుండు. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి, పదింటి దగ్గర, రెండింటి దగ్గర, ఎన్నడూ నలగని నూగు రెండు పిడికిళ్ల మేర అణిగి, ఇంకా పైకి లేవకుండా అలాగే ఉంది.